చాయపత్త డబ్బ నా దగ్గరుంది

సుగుణా,

మోమిన్‌పేట్ నుంచి వచ్చీ రాంగనే దేవికను లేపకు. లెక్కల పరీక్ష రాసొచ్చి, ఇంత తిని పండుకుంది. మంచిగ రాసిందట. నిన్న నువ్వు తల్లిగారింట్ల ఉంటివి గదా, బిడ్డను నేనే జల్ది పండవెట్టిన. మొన్న ఇంగ్లిష్ పరీక్షకు చాయ మీద చాయ తాగించి తెల్లందాక చదివిస్తివి, పోరి పేపర్ మీదనే కునుకు తీసింది. ఇయ్యాల చదివినయన్నీ యాదికొచ్చినయని నవ్వుకుంట చెప్పింది. నా పాణం నిమ్మలమైంది.

రేపు సైన్స్ ఉందని పరేషాన్ గాకు. లేచినంక అన్నం వెట్టు, చదువుకుంటది.

చాయపత్త డబ్బ కోసం ఇల్లంత దేవులాడకు. నా టిఫిన్ సంచిల వెట్టుకొని కరణ్‌కోట డ్యూటీకి పోతున్న.

– మల్లేశ్

పరీక్షలు మొదలైనకాంచి నీ కంటికి గూడ నిద్ర లేదు. బిడ్డ పక్కన నువ్వు గూడ జర ఒరుగు.