నాన్న చేసిన రాక్షసుడి తల

నవంబరు 14, ఆదివారం

చిన్నదాన్ని తీసుకుని రాజమండ్రి ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. దెయ్యాల గుహ అని పెద్ద టెంటు వేశారు. అస్థిపంజరానికి షేక్‌హ్యాండ్ ఇవ్వచ్చు. స్విచ్ నొక్కితే శవపేటిక మూత లేస్తుంది. అరుపులన్నీ క్యాసెట్లోవే. చివర్లో రాక్షసుల తలలున్నాయి, ఎవరైనా పెట్టుకుని చూడచ్చు.

ఒక తలని మాత్రం జనం పెట్టుకోగానే తీసేస్తున్నారు.

"అది పనికిరాదండి, కళ్ళకి కన్నాల్లేవు. పాత నాటకాల కంపెనీ సామాన్లో వచ్చింది," అన్నాడు టెంటాయన.

"నోట్లోంచి చూడాలండి," అన్నాను.

నాటకాలవాళ్ళకి నాన్న చేసిన తలలన్నీ అంతే. కళ్ళకి కన్నం పెడితే రాక్షసుడు గుడ్డివాడైపోతాడనేవారు.

పెట్టుకున్నాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళు, చింతపిక్కల జిగురు వాసన మాత్రం ఇంకా పోలేదు. కోరల మధ్యనుంచి చిన్నది కనిపించింది. తల నాకు బాగా వదులు. ఏ వేషగాడి కోసం చేసినా నాన్న తన తలకే గుడ్డ చుట్టుకుని, దానిమీదే తడికాగితాలు అంటించుకునేవారు. అన్నం వేళకి కూడా తియ్యరని అమ్మ తిట్టేది. అంటే లోపలున్న ఖాళీ అంతా...

"అమ్మా, తీసెయ్యవే, భయమేస్తోంది," అంది చిన్నది.

"ఇంకొక్క నిమిషం," అన్నాను.

రేపు వాళ్ళు యానాం వెళ్ళిపోతారట. అమ్ముతారేమో అడగాల్సింది.

అది తాతయ్య తన తలమీదే చేసిందని బస్సులో చెప్పాను. "తాతయ్య తల ఎంతుండేదమ్మా?" అంది. రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాను.

వంతెన దాటి కొవ్వూరు వచ్చేదాకా ఆ చేతులు దించబుద్ధి కాలేదు.