గుర్రానికి గుమ్మం దగ్గర మర్యాద

ఆదివారం రాత్రి, బాగేపల్లి

నిన్న ఇదే డైరీలో గుర్రానికి పొగరని రాశాను. తప్పు. పొగరు కాదు, దానికి ఇంట్లో ఎవరో లంచం పెడుతున్నారు.

మనవరాలు సుమ ఎక్కితే పక్క ఊరు పరగోడు దాకా బుద్ధిగా నడుస్తుంది. ఇంటివైపు తిప్పగానే ఒకటే పరుగు. ఈ రోజు మలుపులో పిల్ల బస్సు కింద పడబోయింది. ఇల్లంటే విశ్రాంతి అని గుర్రం అనుకోకూడదని, గేటు దాకా వచ్చినదాన్ని మళ్ళీ వెనక్కి తిప్పమని సుమకు చెప్పాను. అది కదలకుండా మా ఆయన జేబులో మూతి పెట్టింది.

"జోబులో ఏముండాది?" అని అడిగాను.

"చేతిగుడ్డ."

చేతిగుడ్డకు చీమలు పట్టడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"బయటినుంచి వచ్చినోళ్ళకు బెల్లమూ నీళ్ళూ ఇచ్చేది మనింటి పద్ధతి కదా, గుర్రమొకటే పరాయిదా?" అన్నారు.

"మీ మర్యాదకు పిల్ల కాలు విరిగితే?"

ఇక పెట్టనని ఒట్టేశారు. ఒట్టేసేటప్పుడు కూడా చెయ్యి జేబులోనే ఉంది.

రేపు సుమ కంటే ముందే ఆయన్ను బెల్లంతో పరగోడుకు పంపాలి. పెట్టేదేదో అక్కడే పెట్టాలి. తిరిగొచ్చాక గేటు బయటే జేబులు తడమాలి.