ఎనిమిది వేల అడుగులు

జనవరి 6, సోమవారం
చేతికి బ్యాండు కట్టారు. విశాఖ డాక్టర్ల రీసెర్చి. షుగరువాళ్లు ఎంత నడుస్తున్నారో, గుండె ఎలా కొట్టుకుంటోందో దీంట్లో తెలిసిపోతుందట. రోజుకి ఎనిమిది వేల అడుగులు నడవాలని అశ్విని చెప్పింది. వాళ్ల తరఫున చోడవరంలో తిరిగే పిల్ల. ముప్పై ఏళ్లు రావికమతం రూట్లో ఆటో తోలినవాణ్ణి. నడవడానికా నేను పుట్టింది?

జనవరి 9
1,140.

జనవరి 11
దేముడమ్మ నవ్వింది. సెరుకు నరకడానికి పోతన్నాను కదా మావా, నా సేతికి కట్టీ, నీ అడుగులు కూడా నేనే నడిసేస్తాను అంది. పెళ్లాం మాట ఇంత తొందరగా ఎప్పుడూ వినలేదు. సాయంత్రానికి 14,600. ఇక రోజూ బ్యాండు ఆమె చేతికే.

జనవరి 25
రీసెర్చివాళ్ల మీటింగులో, అందరికంటే ఎక్కువ నడిచానని నాకు చప్పట్లు కొట్టించారు. పొట్ట లోపలికి లాక్కుని నిలబడితే ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. డాక్టరుగారు ఒక మాట అన్నారు. కూలిపనిలో అలుపు వేరు, వ్యాయామం వేరట. తీరిగ్గా నడిస్తే గుండెకి మంచిది, రోజంతా బరువులు మోసేవాళ్లకి ఆ మేలు దక్కకపోవచ్చని కొత్త పరిశోధనల్లో కనిపిస్తోందట. ఆ వేళకి దేముడమ్మ లారీకి చెరకు మోపులు ఎత్తుతోంది.
ఇంటికొచ్చి ఆమెకి ఫొటో మాత్రమే చూపించాను.

ఫిబ్రవరి 3, ఉదయం 10
అశ్విని ఫోన్. నా పల్స్ వారం నుంచి గతి తప్పుతోందట. వెంటనే రమ్మంది.

సాయంత్రం 6
ఈసీజీ నార్మల్. బ్యాండు ఇంకెవరైనా కట్టుకున్నారా అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. అయితే మిషన్‌దే తప్పు, మార్చి ఇస్తాం అంది.
దేముడమ్మ వచ్చి గడపలోనే కూలబడింది. ఏటో ఆయాసంగా ఉంది, అన్నం నువ్వే ఎట్టుకో అంది. చెప్పాలి. రేపు చెప్తాను. సిగ్గులేని వెధవని.

ఫిబ్రవరి 4
లేచేసరికే పనికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 9
నాలుగో తారీఖునే దేముడమ్మ చెరకు తోటలో పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. గుండె అన్నారు. ఆమెతోపాటు చెరకు నరికే అచ్చియ్యమ్మ బ్యాండు తెచ్చిచ్చింది. ఇది నీదే కదా బావా అంది. కాదనలేకపోయాను.
అశ్వినికి నిజం చెప్పాను. తిడితే బాగుండేది. ముందే చెప్పుంటే ఆ సాయంత్రమే ఆమెకి ఈసీజీ తీసేవాళ్లం కదా అని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఫిబ్రవరి 16
అడుగులు 212. పల్స్ 74, సరిగ్గానే కొట్టుకుంటోంది. ఇది నాదే.