ముక్క పడలేదంతే

లోర్నా వదినా,

మీ తమ్ముణ్ని ఆపరేషన్‌కి ఎందుకు పోనిచ్చావని మీరు నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

వెగాస్‌లో ఇన్నేళ్లూ వీడియో పోకర్ మిషన్ పంచిన ముక్కల్లో ఆయన గెలిచే అవకాశాల లెక్క ప్రకారమే కొన్ని ఉంచుకుని మిగతావి మార్చుకునేవారు. నేను మనసుకు తోచినవి ఉంచుకుని ఓడిపోయేదాన్ని. పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని డాక్టరు అనగానే ఆయన ఒప్పేసుకున్నారు. నాకెందుకో భయమేసి వద్దన్నాను.

"నీ మనసు మాట వింటే ఈపాటికి ఇల్లమ్ముకునేవాళ్లం" అని నవ్వారు. నేనూ నవ్వాను.

సమాధి దగ్గర బార్‌లో ఆయన పక్కన పోకర్ ఆడే స్నేహితులు ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకుని, "బాధపడకు చెల్లెమ్మా, వెర్నన్ సరిగ్గానే ఆడాడు. ముక్క పడలేదంతే" అన్నారు. ఓడినవాణ్ని వాళ్లు ఓదార్చే మాట అదొక్కటే.

మీరు పోకర్ ఆడరు. ఒక్కసారి వచ్చి నన్ను తిట్టిపోండి వదినా.