మూడో మెట్టు నుంచే మొదలు

జూన్ 2, ఉదయం 5.40
నిర్ణయించేశాను. దూరవిద్యలో గణితం డిగ్రీ!
ముప్పై నాలుగేళ్లు బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఈ లెక్కలెందుకంటే, అదే బళ్లో లెక్కలు చెప్పిన రమణమూర్తి మాస్టారి వల్ల. నిన్న ఉక్కునగరం పార్కులో, పదిమంది ముందు, "తెలుక్కి బుర్రెందుకు టీచరమ్మా? నోరుంటే సాలు" అన్నారు.
మొదలుపెట్టడానికి మూడు మెట్లట.
ఒకటి: కూడికలు, భిన్నాలు.
రెండు: బీజగణితం.
మూడు: నేరుగా కలనగణితం.
ఎవరి మెట్టు వాళ్లే ఎంచుకోవాలి. గడువు ముప్పయ్యో తారీఖు, సాయంత్రం అయిదు. దాటితే ఏడాది ఆగాలి. అరవై తొమ్మిదేళ్లదానికి ఏడాదంటే చిన్న సంఖ్యేమీ కాదు.
మూడోదే! మాస్టారికి కబురు కూడా పంపాను.

జూన్ 5
కలనగణితం, తెలుగు మాధ్యమం పుస్తకం. మొదటి వాక్యంలోనే "అవధి". ఎంత చక్కని మాట! వ్యుత్పత్తి మీద నాలుగు పేజీలు రాశాను. ఇంజినీరింగ్ చదివే మా మనవరాలు దేవి తొంగిచూసింది.
"అమ్మమ్మా, ఇందులో లెక్కేదీ?"
"వస్తుంది."

జూన్ 9
రాలేదు. అవధి తెలియాలంటే ముందు ప్రమేయం తెలియాలట. నా పెళ్లి నా ప్రమేయం లేకుండానే అయిపోయింది. లెక్క మాత్రం అది లేందే కదలదట. వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకుంటే, సమితులు వచ్చా అంది.

జూన్ 14
రెండో మెట్టయితే పునాది గట్టిపడుతుంది. దీన్ని దిగడం అనరు.
నేటి ప్రగతి:
పుస్తకంలో పట్టిన అచ్చుతప్పులు: 61
చేసిన లెక్కలు: 0
ఉక్కపోత మరి.

జూన్ 19
పార్కులో మాస్టారికి దొరికిపోయాను.
"ఏటి టీచరమ్మా, ఎందాకొచ్చారు?"
"మీరు పిల్లల్ని వదిలేసిన చోటికి. భిన్నాలు."
"నానొగ్గీలేదమ్మా! ఆళ్లే పారిపోయారు."

జూన్ 24
మెట్టు ఎంచుకోవడానికి స్వయంపరీక్ష. నలభైకి తొమ్మిది.
"సగమూ మూడోవంతూ కలిపితే రెండు బై అయిదు అని రాసేవేటి?" అంది దేవి.
"పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపాను. అందులో ఒక న్యాయం ఉంది."
"సగం కంటే తక్కువొచ్చింది అమ్మమ్మా! ఒకటో మెట్టు పెట్టీ. సిగ్గేటి?"
"మాస్టారికేం చెప్పను?"
"సెప్పకు."

జూన్ 30
3.10: ఫారం తెరిచాను. ఒకటో మెట్టే. ఒప్పుకున్నాను. నొక్కడమే తరువాయి.
3.15: ఫారంలో "విద్యార్ధి" అని ఉంది. థకి బదులు ధ! విశ్వవిద్యాలయం ఫారంలో!
3.20: కిందికి వెళ్తే "అభ్యర్ధి". వాళ్ల దృష్టికి తేవడం నా ధర్మం.
4.50: ఇరవై రెండు తప్పులు, సవరణలతో సహా. ఉత్తరం పంపాను. మనసు హాయిగా ఉంది.
5.02: "ఫారం నొక్కేవా?" అంది దేవి.
5.04: నొక్కాను. "గడువు ముగిసినది" అని వచ్చింది. అదొక్కటి మాత్రం తప్పులేకుండా రాశారు.

జూలై 3
జవాబు వచ్చింది. తప్పులు తెలిపినందుకు కృతజ్ఞతలట. వచ్చే ఏడాది దరఖాస్తు చేసుకోగలరట.
ఏడ్చాను. కాసేపే.
సాయంత్రం పార్కుకి వెళ్లి, తొమ్మిది మార్కులతో సహా మాస్టారికి నేనే చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వారు, దగ్గొచ్చేదాకా. తర్వాత కళ్లు తుడుచుకుని, "రేపొద్దున్న ఆరింటికి రండి. ఏడాదుంది కదా, భిన్నాల కాడ్నించి ఎత్తుకుందారి" అన్నారు.

జూలై 4, ఉదయం 6.00
కొత్త నోటుబుక్కు. ఒకటో మెట్టు, ఒకటో రోజు!
మాస్టారు సిమెంటు బెంచీ మీద సుద్దతో రాశారు: "ఈ బిన్నాలను కలపండి."
బిన్నాలు. ఒత్తు లేదు.
నోటి దాకా వచ్చింది. మింగాను. కింద సగమూ మూడోవంతూ. రెంటినీ ఆరోవంతులు చేసి కలిపాను. అయిదు బై ఆరు.
"ఒప్పు" అన్నారు.
అప్పుడు సుద్ద అడిగి తీసుకుని ఒత్తు పెట్టాను.