ఎర్ర గన్ను గురి

జూన్ 3, మంగళవారం

నా పేరు బాలమణి. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నాకూ తెలియదు, ఆధార్ కార్డుకూ సరిగ్గా తెలియదు. ఉండేది యూసుఫ్‌గూడలో. ఇంట్లో నేను, పై గదిలో అద్దెకుంటూ కింద నా వంట తినే రూతు. రూతు మధురానగర్‌లో బ్లౌజులు కుడుతుంది. నాకు చదువు రాదు. అక్షరాలు తనవి, మాటలు నావి.

పని — అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల కింద సెల్లార్‌లో గేముల దుకాణం. ఊడ్చడానికి చేరాను. పాత మెకానిక్ దుబాయి పోతూ పోతూ గన్నుల మెషిన్ విప్పడం, బిగించడం నేర్పి పోయాడు. తెర మీద దొంగలు లేస్తారు, గన్నుతో కాల్చాలి — ఆ మెషిన్. అప్పటినుంచి దాన్ని చూసేది నేనే. ఆడేది కూడా నేనే, ఎవరూ లేనప్పుడు.

కేసు ఇది. కొత్త మేనేజర్ వంశీ గన్ను చెడిపోయిందంటున్నాడు. మెషిన్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేసి, ఆ జాగాలో ఇనుప గోళ్ళతో బొమ్మలు పట్టే మెషిన్ పెడతాడట. దుకాణం ఓనరు సేఠ్ ఔరంగాబాద్‌లో కూతురింట ఉన్నాడు. ఇరవై రెండో తారీఖు ఆదివారం వచ్చి తేలుస్తానన్నాడు. అప్పటిదాకా చెబుతాను, రూతు రాస్తుంది. రేపు ఎవరూ "నువ్వు గట్ల అనలే" అనడానికి వీల్లేకుండా.

నేను అనేది ఒకటే. గన్ను బాగుంది.

జూన్ 4, బుధవారం

రెండు గన్నులు. ఎర్రది, నీలిది. నేను ఆడేది మొదటినుంచీ ఎర్రదాంతోనే. పొద్దున షట్టర్ ఎత్తగానే నా పని గురి కట్టడం. మెషిన్ లోపల మీట నొక్కితే తెర మీద కూడిక గుర్తు వస్తుంది. గన్ను కొనను ఆ గుర్తుకు కలిపి కాల్చాలి. నేను ఎక్కడ చూసి కాలిస్తే అదే సరి అని మెషిన్ గుర్తు పెట్టుకుంటుంది. రోజంతా అందరూ ఆ గురి మీదే ఆడాలి. రోడ్డు మీద బస్సులు, పైన మెట్రో — అదురుకు గురి జరుగుతుంది, అందుకే రోజూ కడతాను.

ఈ రోజు కట్టి ఒక ఆట ఆడాను. ఒక్క దొంగ కూడా తప్పించుకోలేదు.

వంశీ వెనకే నిలబడి చూశాడు. "మీకు తగులుతుంది మామ్మగారూ. కస్టమర్లకి తగలట్లేదు. ఏంటి, నన్నేం చేయమంటారు?"

"కస్టమర్లకు గురి లేకుంటె నన్నేం జెయ్యమంటవ్ బిడ్డా?"

"అందరికీనా?"

"అందరికీ."

జూన్ 5, గురువారం

వాన. సెల్లార్ మెట్ల మీదుగా నీళ్ళు. మెషిన్ కింద ఇటుకలు పెట్టి లేపాను. వంశీ కూడా ఒక పక్క పట్టాడు. అది కూడా రాయమన్నాను.

జూన్ 6, శుక్రవారం

కృష్ణానగర్ నుంచి యాదగిరి వచ్చాడు. సినిమాల్లో చిన్న వేషాలు వేస్తాడు. కానిస్టేబులైతే హీరో చేతిలో తన్నులు, రౌడీ అయితే తూటాలు. కాల్చే అవకాశం రాదు, అందుకే ఇక్కడికొచ్చి కాలుస్తాడు.

మొదటి దొంగే తప్పించుకున్నాడు. గన్ను కింద పెట్టాడు.

"పెద్దమ్మా, పక్కకు కొడ్తుంది."

"నీ చెయ్యి పక్కకు పోతుంది."

"నేను వాని మొఖం మీదనే పెట్టిన. గోడకు తగిలింది."

"రోజూ సచ్చెటోనికి కాల్చుడు యాడొస్తది?"

నవ్వాడు. కాని మళ్ళీ ఆడలేదు. లేచి చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు... ఎప్పుడూ అలా లేచి పోయేవాడు కాదు.

రాత్రి గన్ను విప్పాను. మొనలో అద్దం శుభ్రంగా ఉంది. స్విచ్ టక్కుమంటోంది. వైరు ఎక్కడా చిట్లలేదు. అంతా బాగుంది. మళ్ళీ చెబుతున్నా — బాగుంది.

జూన్ 9, సోమవారం

రేపు పంజాగుట్టలో కంటి ఆపరేషన్. కుడి కంట్లో పొర. ఎప్పటినుంచో ఉంది, రూతే పట్టుబట్టి తారీఖు తీసుకుంది. డాక్టరమ్మ దుమ్ములో తిరగొద్దంటోంది, వారం పైగా నేను దుకాణానికి పోవుడు బంద్. ఎర్ర గన్ను ముట్టొద్దని వంశీకి చెప్పాను. గురి నేనొచ్చే కడతా.

"అలాగే మామ్మగారూ, ఎవరు ముట్టుకుంటారు దాన్ని!"

ఆ మాట నచ్చలేదు.

జూన్ 11, బుధవారం

పట్టీ విప్పారు. మా ఇంటి గోడ నీలం రంగట. ఇన్నాళ్ళూ మట్టిరంగు అనుకున్నా.

"రూతూ, నీకు ఇన్ని తెల్లెంట్రుకలెప్పుడొచ్చినయే?"

రాయనంది. రాయించాను.

జూన్ 18, బుధవారం

షట్టర్ ఎత్తాను. నేను లేనన్నాళ్ళూ ఎవరూ ముట్టలేదు, దుమ్మే చెబుతోంది. అద్దం తుడిచాను. గురి కట్టే ముందు పాత గురి మీదే ఒక ఆట ఆడి చూద్దామనుకున్నా.

గోడకు తగిలింది.

మళ్ళీ. గోడకు. మళ్ళీ. దొంగ నన్ను చూసి నవ్వినట్టే ఉంది.

గన్ను విప్పాను, బిగించాను. అదే. యాదగిరి చెప్పినట్టే, పక్కకు.

కొత్త కన్ను చెమ్మగిల్లితే చేత్తో మూసుకున్నా. ఆ మూసుకోవడంలోనే ఒకటి కాల్చాను. దొంగ పడ్డాడు. చేయి తీశాను — గోడ. మూశాను — పడ్డాడు.

పొర వచ్చిన కుడి కంటితో కనబడక, ఎప్పుడు మొదలుపెట్టానో ఏమో, ఎడమ కంటితో చూసి గురి కడుతున్నా. ఏ కంటితో చూస్తున్నామో ఎవరైనా చూసుకుంటారా? రోజూ పొద్దున నా ఒక్కదాని ఎడమ కంటికి గన్ను కట్టి, కుడి కంటితో చూసే ఊరంతా దాంతో కాల్చమన్నా.

రూతు పెన్ను ఆపింది. "ఇది రాయాల్నా అమ్మా?"

రాయమన్నా.

జూన్ 19, గురువారం

కుడి కంటితో కొత్తగా గురి కట్టాను. యాదగిరికి ఫోన్ చేయించా. వచ్చాడు, కాల్చాడు. పడుతున్నారు, వరసగా పడుతున్నారు. వాడి మొఖం చూడాలి.

"ఏం జేసినవ్ పెద్దమ్మా?"

"కన్ను మార్పిచ్చిన."

"గన్నుకా?"

"నాకు."

నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చున్నాడు. నవ్వనీ. సాయంత్రానికి కోచింగ్ పోరగాళ్ళు వరస కట్టారు.

జూన్ 20, శుక్రవారం

వంశీకి నేనే చెప్పాను, ఇంకొకరు చెప్పకముందే.

"అంటే... నేనన్నది కరెక్టే కదా మామ్మగారూ?"

"యాడ కరెక్టు? గన్ను ఖరాబైందన్నవ్. గన్ను మంచిగనే ఉండె. ఖరాబైంది నా కన్ను. కన్నును అంటే ఒప్పుకుందును."

వాడు తల గోక్కుని, బొమ్మల మెషిన్‌కు మాట ఇచ్చేశానన్నాడు. ఆదివారమే వస్తుందట, ట్రాలీ ఆటోలో. ఖాళీగా తిరిగిపోయే ఆ ఆటోలోనే గన్నుల మెషిన్ పోతుందట. "సేఠ్ గారు ఏమంటే అది."

జూన్ 21, శనివారం

సేఠ్ ఒక రోజు ముందే దిగాడు. మెట్ల దగ్గర ఎదురుపడ్డా. చేతికందేంత దూరంలో నిలబడి — "ఎవరు? బాలమణేనా?"

వెలుగులో చూశాను. కుడి కంట్లో తెల్లగా. నాకున్న పొరే.

"సేఠ్, జర కన్ను సూపిచ్చుకో."

"ముందు మెషిన్ చూస్త, తర్వాత కన్ను. ఎవ్వరి మాట వినను. రేపు నేనే కాలుస్త. తగిలితే ఉంటది, తగలకుంటే పోతది."

ఇంటికొచ్చి రూతుకు చెప్పాను. సేఠ్ ఏ కంటితో చూస్తాడో నాకు తెలుసు — ఎడమ కంటితో. నా గురి ఇప్పుడు కుడి కంటికి కట్టి ఉంది. ఆయన కాలిస్తే గోడకే.

రూతు అంది — "పాత తీర్గ కట్టు, ఒక్క ఆటకే కదా."

కడితే వెనక నిలబడ్డ పోరగాళ్ళకు మళ్ళీ గోడే. వంశీకి మళ్ళీ అదే మాట దొరుకుతుంది. అయినా రెండు గన్నులున్నాయి కదా...

జూన్ 22, ఆదివారం

చర్చి నుంచి రూతు నేరుగా ఇక్కడికే వచ్చింది. స్టూలు మీద కూర్చుని రాస్తోంది.

ఎర్ర గన్ను అందరి కంటికి కట్టాను. నీలి గన్ను ఎడమ కంటికి, నేను కుడి కన్ను మూసుకుని, సేఠ్ కోసం. ఇది మోసం కాదు. ఆయన కంటికి తగిన గన్ను ఆయనకు. అడిగితే అదే చెబుతా, అడగకపోయినా ఆట అయ్యాక చెబుతా.

నీలిది ముందుకు పెట్టాను. ఎర్రది వెనక కొక్కేనికి.

పైన ఆటో ఆగింది. బొమ్మల మెషిన్ దింపుతున్నట్టున్నారు. వంశీ చేయి పట్టుకుని సేఠ్ మెట్లు దిగుతున్నాడు. యాదగిరి తెర పక్కన, తనే కాల్చబోతున్నట్టు బిగుసుకుని.

ఆట అయ్యాక వేలిముద్ర వేస్తే గెలిచి వేసిందనో, ఓడి వేసిందనో అంటారు. అందుకే ఇప్పుడే వేస్తున్నా. పైన రాసింది అంతా నేను చెప్పిందే, నా కంటి సంగతితో సహా.

"నీ గన్ను ఏది బాలమణీ, పహలే నుంచి, మొదలు నుంచి?" సేఠ్ అడుగుతున్నాడు.

ఎర్రదన్నా. అబద్ధం నోటికి రాలేదు.

నీలి గన్ను దాటించి, ఎర్రదాని కోసం వెనక కొక్కేనికి చేయి చాచాడు...

బాలమణి వేలిముద్ర

సాక్షులు: రూతు (రాసింది కూడా నేనే)
యాదగిరి, కృష్ణానగర్