గుమ్మంలో కుర్చీ

అల్లుడుగారికి,

మీ అత్తగారు భయపడుతూ రాస్తున్న ఉత్తరం. అమ్మాయికి చూపించకండి, నవ్వుతుంది.

మా ఆడపిల్లల హాస్టల్ వంటింటికి పొగగొట్టం పెట్టించే విషయం మొన్న మీ యూనివర్సిటీ పాలకమండలి ముందుకు వచ్చింది కదా. రాగానే మీరు లేచి, "అక్కడ వంట చేసేది మా అత్తగారు, నేనిందులో ఉండకూడదు" అని బయటికి వెళ్ళిపోయారట. మీ న్యాయబుద్ధికి సంతోషమే బాబూ. కానీ మిగతా పెద్దల్లో సగంమంది ఎప్పుడూ రారు. మీరు కూడా లేచేసరికి ఉండాల్సినంతమంది లేరని ఆమోదం మళ్ళీ వాయిదా వేశారు. ఇక్కడ పొగకు నా కళ్ళు పోయేలా ఉన్నాయి. "అవ్వా, ఎందుకేడుస్తున్నావు?" అని పిల్లలు రోజూ ఓదారుస్తున్నారు.

మళ్ళీ సమావేశం జరిగే ఆ ఒక్కరోజుకీ నేను ఉద్యోగం మానేస్తే మీరు లోపలే కూర్చోవచ్చు కదా అని గుమాస్తాను అడిగాను. "మానెయ్ పెద్దమ్మా. కానీ నిన్ను మళ్ళీ చేర్చుకోవాలన్నా మండలే ఒప్పుకోవాలి. అప్పుడూ మీ అల్లుడు బయటికే నడుస్తాడు" అన్నాడు. ఆ ఆలోచన మానుకున్నాను.

ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాను, కోప్పడకండి. ఈసారి మీ కుర్చీ గుమ్మంలో వేయించుకోండి. కాళ్ళు లోపలుంటే లెక్కలోకి వస్తారు. మొహం బయటికి తిప్పుకుంటే న్యాయానికీ లోటుండదు.

మెడ పట్టేస్తుందేమోనని దిండు కూడా పంపిస్తున్నాను.

మీ అత్తగారు